ఐసు పెట్టని రక్తం

విశాఖపట్నం,
జూన్ 30.

అక్కా,

నువ్వూ బావా పంపిన రక్తం చచ్చిపోయింది. ఈ సంగతి ఫోన్లో చెప్పలేను కాబట్టి ఉత్తరం రాయాల్సి వస్తోంది. మీ ఇంట్లో ఫోన్ మోగితే ముందు అత్తయ్యగారు ఎత్తుతారు, తరవాత స్పీకర్ పెడతారు, నువ్వు ఎక్కడో గుమ్మం దగ్గర నిలబడి "బాగానే ఉన్నానే" అంటావు. వాట్సాప్ బావ ఫోన్లో ఉంది. అందుకే ఈ ఉత్తరం శ్యామలాంబ గారి లేసు సెంటర్ చిరునామాకి పంపుతున్నాను. అల్లిన లేసు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆవిడ ఇస్తారు.

రెండుసార్లు మూడో నెల దాటకుండా కడుపు పోయాక డాక్టరమ్మ మీ ఇద్దరి క్రోమోజోములు చూపించుకోమంది కదా. మా ల్యాబ్‌లో ఆ పనే చేస్తారు, నాకు పంపండి అని నేనే అన్నాను. మొన్న మీ పెట్టె వచ్చింది. మా ల్యాబ్ పెద్ద హారతి మేడమ్ విప్పారు. అడుగున ఐసు, పైన ఐసు, మధ్యలో గళ్లుప్పు, నాలుగు పక్కలా టేపు.

"ఏమ్మా క్రిస్టినా, రొయ్యలు పంపించారా మీవాళ్లు?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఉప్పు చల్లితే ఐసు ఎంత చల్లబడుతుందో రొయ్యల షెడ్డులో పనిచేసే బావకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రక్తం గడ్డకట్టి, కరిగి, దానిమ్మరసంలా అయిపోయింది. అయినా ఆశ చావక కొంచెం తీసి పెంచడానికి పెట్టాను. ఏమీ పెరగలేదు.

బతికున్న కణాలే ఎందుకు కావాలో చెప్పకపోతే ఇదంతా ల్యాబ్ వాళ్ల పెంకితనంలా కనిపిస్తుంది నీకు. రక్తంలో ఎర్ర కణాలతో మాకు పనిలేదు, వాటిలో డీఎన్ఏ ఉండదు. తెల్ల కణాలు కావాలి. ఒక్క తెల్ల కణంలో ఉన్న డీఎన్ఏ పోగులన్నీ విప్పి కొసకు కొస కలిపితే మండపేటలో మన ఇంటి గుమ్మం ఎత్తు వస్తుంది. అంత దారం కంటికి కనిపించనంత చోటులో ఉంటుంది. కుక్కినట్టు కాదు, చుట్టినట్టు. హిస్టోన్లని చిన్న ప్రోటీన్ పూసలుంటాయి. దారం ఒక్కో పూస మీద దాదాపు రెండు చుట్లు తిరిగి పక్క పూసకి పోతుంది. ఆ పూసల దండ మళ్లీ ముడుచుకుని మెలికలు తిరుగుతుంది. కణం ఇప్పుడు చదువుకోవలసిన చోట దారం వదులుగా ఉంటుంది, అక్కర్లేని చోట బిగిసి ఉంటుంది. మామూలు రోజుల్లో మైక్రోస్కోపులో చూస్తే ఏ పోగు ఎక్కడిదో తెలియదు, నీ లేసు బుట్టలోకి తొంగి చూసినట్టే. కణం రెండుగా చీలబోయే ముందు మాత్రం ఉన్న దారమంతా గట్టి ఉండలుగా చుట్టుకుంటుంది. నలభై ఆరు ఉండలు. అవే క్రోమోజోములు. ఆ సమయంలో పట్టుకుంటేనే మాకు కనిపిస్తాయి. చచ్చిన కణం చీలదు.

తప్పు బావది కాదు. ఐసు పెట్టవద్దని చెప్పడం నేను మరిచిపోయాను. మన ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. నాన్న మిల్లు దగ్గర కనబడిన వాళ్లందరికీ "మా చిన్నమ్మాయి రక్తం చూసి జబ్బు చెప్పేస్తదండి" అంటున్నాడట.

మళ్లీ పంపండి. ఈసారి ఐసు లేకుండా.

నీ క్రిస్టినా


నరసాపురం,
జులై 9.

క్రిస్టీ,

నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతి రాత ఇది. బైబిలు చదువుకోడానికి సరిపోతుంది గాని ఉత్తరాలకి చాలదు.

ఐసు సంగతి బావకి చెప్పాను. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఎక్స్‌పోర్టు రొయ్యకి కూడా అంత శ్రద్ధగా కట్టలేదే నేను. మా షెడ్డు సూపర్వైజర్ చూసుంటే ప్రమోషన్ ఇచ్చేవోడు. చెడిపోకుండా ఉంటదని పెట్టాను, దానివల్లే చెడిపోయిందంటే ఎలా?" అని ఒకటే బాధ. చచ్చినవాటికే ఐసు పెట్టాలని ఈ మనిషికి ఇప్పుడు తెలిసింది.

నీ దారం కొలత కూడా చెప్పాను. గుమ్మం ఎత్తుందంటే నమ్మలేదు. "మీ చెల్లి కోసేస్తంది" అన్నాడు. నేను మాత్రం నమ్మాను. ఒక టేబుల్ గుడ్డకి ఎంత దారం పడుతుందో చూడనివాళ్లకి చెప్పినా నమ్మరు.

అసలు విషయం రాయడానికి చెయ్యి రావడం లేదు. మళ్లీ రక్తం పంపమన్నావు. పంపలేనే.

మొన్న ఆదివారం చర్చిలో అత్తమ్మ అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. నాకు ముందు తెలియదు. పాట అయ్యాక లేచి, కొంగున కట్టిన కానుక తీసి పాస్టరుగారి ముందున్న బల్ల మీద పెట్టింది. "అయ్యగారూ, మా కోడలి గురించి ఊళ్లో నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా మాట్లాడుతున్నాయి. పెళ్లికి ముందు రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో నిలబడి ఒళ్లు పాడుచేసుకుందన్నారు. దానికి ఇంకా రిపోర్టు రాలేదు. రాకముందే నమ్మి నేను కృతజ్ఞత చెల్లిస్తున్నాను. నా కోడలి రక్తంలో ఏ దోషమూ లేదు" అంది. గుడంతా ఆమేన్ అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ముందే చెల్లించిన కృతజ్ఞత వెనక్కి తీసుకోరు. నీకు తెలియనిది కాదు. కాలు లేవని మనిషి నడుస్తాడని నమ్మి కానుక వేస్తారు, జరగకపోతే నమ్మకం చాలలేదంటారు. ఎవరి నమ్మకం చాలలేదని అడుగుతారు, తెలుసా? నాదే అంటారు. వేరే కోడలు చూసుకోమని చుట్టాలు చెప్తుంటే నా తరఫున లేచి నిలబడిన మనిషి ఆవిడ. ఆవిడ కళ్లముందే నా రక్తం మీద అనుమానంతో మళ్లీ చెయ్యి చాపి ఎలా కూర్చోను? ఇక వదిలెయ్.

వానలు పడుతున్నాయి. దారం చెమ్మగిల్లి సూదికి పట్టుకుంటోంది. బావ చొక్కాలు బయటే విప్పమంటున్నాను. పెళ్లికి ముందు నుంచీ రొయ్యల వాసనలోనే ఉన్నదాన్ని, ఈ మధ్య ఎందుకో పడటం లేదు. వానలకి కాబోలు.

అమ్మకి ఫోన్ చేస్తే ఇవేం చెప్పకు.

అక్క దీవెన


విశాఖపట్నం,
జులై 14.

అక్కా,

రొయ్యల వాసన వానలకి మారదు. ఎన్నో నెల?

నీ ఉత్తరం చదివి ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. మిగతాదంతా మళ్లీ చదవాల్సి వచ్చింది. కిందటిసారి కూడా బావ చొక్కాలు పెరట్లో తీగ మీద వేరేగా ఆరేశావు. నాకు గుర్తుంది.

నువ్వు కాదంటే కాదనే రాయి. అవునైతే మాత్రం ఇంక సిగ్గుపడే సమయం లేదు. నిన్ను భయపెట్టకుండా ఈ విషయం ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. భయపెట్టే రాస్తున్నాను.

అప్పుడప్పుడు ఒక మనిషిలో ఒక ఉండ చివర తెగి ఇంకో ఉండకి అతుక్కుంటుంది. రెండోదాని ముక్క మొదటిదానికి అతుక్కుంటుంది. ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. అన్నీ ఉన్నాయి కదా, చోటే మారింది. నువ్వు రెండు టేబుల్ గుడ్డలు అల్లుతున్నావనుకో. ఒకటి గులాబీలది, ఒకటి ద్రాక్షగుత్తులది. గులాబీ గుడ్డకి ఒక మూల ద్రాక్షగుత్తి కుట్టేశావు, ద్రాక్ష గుడ్డకి ఆ మూల గులాబీ వచ్చింది. రెండూ నీ దగ్గరే ఉన్నంతకాలం ఏమీ తక్కువ కాదు. కానీ అమ్మకి ఒకటీ ఇంకొకరికి ఒకటీ పంచాల్సి వస్తే? ఒకరి దగ్గర గులాబీ తక్కువై ద్రాక్ష ఎక్కువవుతుంది, ఇంకొకరి దగ్గర ద్రాక్ష తక్కువై గులాబీ ఎక్కువవుతుంది. బిడ్డకి తల్లీ తండ్రీ చెరో సగం ఇస్తారు. ఆ పంపకంలో తేడా వస్తే చాలా సార్లు కడుపు నిలవదు. కొన్నిసార్లు నిలుస్తుంది, బిడ్డ కష్టాలతో పుడుతుంది. కొన్నిసార్లు ఏ తేడా రాదు.

నీలో అలా ఉందనడం లేదు. బావలో ఉందనీ అనడం లేదు. ఇద్దరిలోనూ ఉండకపోవచ్చు. కానీ ఉందో లేదో తెలిస్తే బిడ్డలో ఏం చూడాలో డాక్టరమ్మకి తెలుస్తుంది. తెలియకపోతే మూడో నెల దాకా రోజూ లేచి భయపడటమే. నీకు అది రెండుసార్లు అయింది.

అత్తయ్యగారి సాక్ష్యాన్ని నేను తప్పుపట్టను. నిజం చెప్తున్నాను, చదివి ఏడిచాను. నా కోసం అలా లేచి నిలబడేవాళ్లు ఉంటారో ఉండరో. కానీ అక్కా, ఆవిడ నమ్మింది నిన్ను. నీ క్రోమోజోములని కాదు. రక్తం ఇస్తే ఆవిడ నమ్మకం తగ్గదు.

నరసాపురంలో ఏ ల్యాబ్‌లోనైనా ఆకుపచ్చ మూత ట్యూబులో తీయమను. బావని రైల్లో తీసుకురమ్మను, చేత్తో. ఐసు వద్దు. ఎండ తగలకూడదు. ఇంజను పక్కన కూర్చోవద్దు. మామూలుగా మనిషి ఉండే వేడిలో ఉంటే చాలు.

క్రిస్టినా


నరసాపురం,
జులై 26.

క్రిస్టీ,

ఇది బావ చేతికిచ్చి పంపుతున్నాను. అతికించి ఇస్తాను, విప్పి చదవడులే.

అవును. రెండో నెల దాటింది. బావకి నిన్ననే చెప్పాను. అత్తమ్మకి చెప్పలేదు. నోటితో చెప్తే పోతుందని భయం. కిందటిసారి చెప్పిన వారానికే పోయింది.

ట్యూబులు బావ చొక్కా జేబులో ఉన్నాయి. వాటికి ఎండ తగలకుండా రుమాలు చుట్టాడు. ఇందాక చొక్కా తొడుక్కుంటుంటే అత్తమ్మ "జేబులో ఏంట్రా?" అంటే, "మందుల సీసాలమ్మా, వైజాగులో మావోడికి" అన్నాడు. అబద్ధం ఆడటం రాదు ఈయనకి. చెవులు ఎర్రబడ్డాయి.

ఒక్కటే మాట. ఏం వచ్చినా ముందు నాకు రాయి. బావకి చెప్పకు, నాన్నకి చెప్పకు. మంచిగా చుట్టి చెప్పకు. నాకు దాచిపెట్టి మాట్లాడితే తెలిసిపోతుంది.

దీవెన


విశాఖపట్నం,
ఆగస్టు 20.

అక్కా,

నీ రిపోర్టు మీద హారతి మేడమ్ ఈ మధ్యాహ్నం సంతకం పెట్టారు. నాలుగో నెలలోకి వచ్చావు. జవాబు ఆలస్యమైతే చేయించుకోవాలనుకున్నా బిడ్డకి చేసే పరీక్షకి వేళ దాటిపోతుంది. అందుకని సాయంత్రం దాకా ఆగకుండా ల్యాబ్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ముందు బావ అడిగింది చెప్పాలి. ఆ రోజు స్టేషన్లో దిగి నా దగ్గరికి వచ్చేదాకా ఎడమ చెయ్యి జేబు మీంచి తియ్యలేదు. ట్యూబులు ఇచ్చాక కూడా చెయ్యి అక్కడే ఉంది. "మరదలా, నీకు తెలుసు కదా మా ఊరు సంగతి. ఏదున్నా నా పేరు మీద రాసెయ్. మా అమ్మ నన్ను ఇంట్లోంచి పంపించదు కదా" అన్నాడు. నేను నవ్వేశాను, జోకనుకుని. బావ నవ్వలేదు. "నిజంగానే అంటున్నాను. దీవెనకి కూడా నాదనే చెప్పు" అన్నాడు.

ట్యూబులు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చేశాను. ఆ మాట పట్టుకుని ఇన్ని రోజులూ తిరిగాను. ఒక దశలో రాయొచ్చులే అనిపించింది. అక్క బాగుంటే చాలు, నిజం ఎవరికి కావాలి అనిపించింది. చివరికి మేడమ్‌ని అడిగాను, పేర్లు చెప్పకుండా. ఆవిడకి అర్థమైపోయింది. "ఎవరి రక్తంలో ఏముందో అది వాళ్లది తల్లీ. మనం కావలసినవాళ్లకి పంచిపెట్టేది కాదు. పైగా తప్పు పేరు రాస్తే కడుపులో ఉన్న బిడ్డలో తప్పు చోట వెతుకుతారు" అన్నారు.

అందుకని నీకు నీదే చెప్తున్నాను. బావ రిపోర్టు మామూలుగా ఉంది. ఆ కాయితం బావ పేరుతో వేరే కవర్లో పెట్టాను. నీది ఇలా ఉంది: నీలో ఎనిమిదో క్రోమోజోము చివర ముక్క తెగి పదమూడోదానికి అతికింది, పదమూడోదాని ముక్క ఎనిమిదోదానికి వచ్చింది. లెక్క నలభై ఆరే. మాకు కనిపించినంతవరకు ఏదీ పోలేదు, ఏదీ ఎక్కువ కాలేదు. గులాబీ, ద్రాక్ష.

ఇది షెడ్డులో ఐసు నీళ్ల వల్ల కాదు. నువ్వు తిన్నదాని వల్లో తాగినదాని వల్లో కాదు. నువ్వు నడిచినందుకు, బరువెత్తినందుకు, ఎవరి మీదో విసుక్కున్నందుకు కాదు. నువ్వు పుట్టేటప్పటికే ఉంది. అది నాకెలా తెలుసో కూడా చెప్తాను.

నీ స్లయిడ్ చూసిన రోజు ఇంటికి పోలేకపోయాను. అక్కా చెల్లెళ్లం కదా. మర్నాడు మేడమ్‌ని అడిగి నా రక్తం కూడా తీయించుకున్నాను. అది కూడా ఇవాళే వచ్చింది. మేడమ్ నా పక్కన కూర్చుని చూశారు. నాకు ముందే కనిపించింది, అయినా ఆవిడ నోటితో చెప్పేదాకా ఆగాను. నాదీ అదే. ఎనిమిది, పదమూడు. అదే చోట తెగింది, అదే చోట అతికింది.

అమ్మ నుంచి వచ్చిందో నాన్న నుంచి వచ్చిందో తెలియదు. వాళ్ల రక్తం చూడాలో వద్దో నువ్వు వచ్చాక మనిద్దరం కూర్చుని అనుకుందాం. "రక్తం చూసి జబ్బు చెప్పేస్తది" అని మిల్లు దగ్గర చెప్పుకునే నాన్నకి ఈ మాట నేనొక్కదాన్నే చెప్పలేను.

ఇప్పుడు బిడ్డ సంగతి. చుట్టి చెప్పవద్దన్నావు. నాకు తెలిసింది ఇంతే: నీ బిడ్డకి అన్నీ మామూలుగా వచ్చి ఉండవచ్చు. నీలాగే, నాలాగే చోటు మారి వచ్చి ఉండవచ్చు, అప్పుడు కూడా బాగానే ఉంటుంది. లేదా పంపకంలో తేడా వచ్చి ఉండవచ్చు. ఈసారి మూడో నెల దాటావు, అది మంచి మాటే. కానీ ఆ ఒక్కదాన్ని బట్టి ఏదీ తేల్చి చెప్పలేమని మేడమ్ అన్నారు, నేనూ చెప్పను. తెలుసుకోవాలంటే పదహారో వారం నిండాక సూదితో కొంచెం ఉమ్మనీరు తీసి చూస్తారు. అందులో బిడ్డ కణాలుంటాయి, బతికున్నవి. ఆ పరీక్ష వల్ల అరుదుగా కడుపు పోయే ప్రమాదం కూడా ఉంది. అది దాస్తే నువ్వు నన్ను క్షమించవు. చేయించుకుంటావో లేదో, చేయించుకుంటే ఆ తరవాత ఏం చేస్తావో నీ ఇష్టం, బావ ఇష్టం. చేయించుకోకపోయినా నేను నీ చెల్లెల్నే. నేనైతే ఏం చేస్తానని అడగకు. నిన్నటిదాకా నాకు తెలుసనుకున్నాను.

అత్తయ్యగారికి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. ఆవిడ చెప్పిన సాక్ష్యం మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. దోషం లేదన్నారు. నేను చూసినంతలో ఆ మాట వెనక్కి తీసుకోవలసిన అవసరం లేదు. ఆవిడని ఒకసారి ఇక్కడికి తీసుకురాగలిగితే మైక్రోస్కోపులో చూపిస్తాను, ఆవిడే చూసి చెప్తారు. అలా చేయగలమో లేదో కూడా నాకు భయంగానే ఉంది.

బావకి మాత్రం చెప్పు. నీ మీద పడేది తన మీద వేసుకోవాలనుకున్న మనిషికి అబద్ధం బాకీ పెట్టకూడదు.

ఈ కవర్లో రెండు ఫొటోలు పెట్టాను. ఒక్కో ఫొటోలో నలభై ఆరు ఉండలు, జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. ఒకటి నీది, ఒకటి నాది. వెనక పేర్లు రాయలేదు. రాయాలని పెన్ను తీశాను గాని, పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో నాకు తెలియలేదు.

వాటిలో ఒకటి నువ్వు ఉంచుకో. ఏదైనా సరే. రెండోది నీ జవాబుతో పాటు నాకు పంపు. సెప్టెంబరు మూడో తారీఖులోగా అందేలా పంపు, ఆ పరీక్షకి తేదీ తీసుకోవడానికి అదే ఆఖరు. వస్తానని రాసినా, రానని రాసినా, భయంగా ఉందని మాత్రమే రాసినా పరవాలేదు. మూడో తారీఖు ఉదయం నుంచి పోస్టుమాన్ కోసం ల్యాబ్ గేటు దగ్గరే ఉంటాను.

క్రిస్టినా